చీజ్‌కు బూజు పడితే పేదకు పండగ

అమెరికాలో పేదల తిండి మీద కోత పెట్టే నాయకులకు ఒక అలవాటుంది. కత్తి దించేశాక చేతులు కడుక్కుంటూ ఒక చల్లని మాట చెబుతారు: మా జనం దయగలవాళ్లు, చర్చిలున్నాయి, సేవాసంఘాలున్నాయి, ఊరూరా ఫుడ్ బ్యాంకులున్నాయి, అవన్నీ చూసుకుంటాయి. వింటుంటే మనక్కూడా కడుపు నిండినట్టే ఉంటుంది. ఆ ఫుడ్ బ్యాంకుల అరలు నింపే సరుకులో మంచి వాటా సర్కారు కొని పంపేదేనన్న సంగతి మాత్రం ఆ సమయానికి ఎవరికీ గుర్తురాదు.

ఇంతకీ అమెరికా ప్రభుత్వానికి పేదవాడి ఆకలి ఎప్పుడు గుర్తొస్తుంది? చరిత్ర తిరగేస్తే దొరికే జవాబు: చీజ్ పాడవడం మొదలైనప్పుడు.

1970ల చివర్లో కార్టర్ ప్రభుత్వం పాడిరైతులను ఆదుకోవడానికి పాలకు మద్దతు ధర పెంచింది. అమ్ముడుపోని పాలను చీజ్‌గానో వెన్నగానో పొడిగానో మార్చి తెస్తే తానే కొంటానంది. రైతులు పాలు పిండారు, సర్కారు కొంటూ పోయింది. గిడ్డంగులు చాలక మిస్సోరీలో సున్నపురాతి గుహల్లో కూడా దాచారు. మన దగ్గర గుహల్లో మునులు తపస్సు చేసేవారు, అక్కడ ఆ పని చీజ్ చేసింది.

1981లో రేగన్ అధ్యక్షుడిగా వచ్చాడు. ఆ ఏడాదే పేదలు తిండి కొనుక్కోవడానికి సర్కారిచ్చే ఫుడ్ స్టాంపులకూ బడిపిల్లల భోజనానికీ కోత పడింది. పిల్లల పళ్లెంలో కెచప్‌లాంటివాటిని కూరగాయల లెక్కలో వేసుకోవచ్చా అనే దాకా ఆలోచన సాగింది. దేశమంతా నవ్వితే వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది వ్యవసాయ మంత్రి జాన్ బ్లాక్ విలేకరుల ముందు ఐదు పౌండ్ల చీజ్ దిమ్మె ఎత్తి చూపించి, ఇది బూజు పడుతోంది, కొనేవాడు దొరకడం లేదు, అందుకే కొంత పంచిపెడదామనుకుంటున్నాం అని ఉన్నమాట చెప్పేశాడు. ఆయన నిజాయతీకి దండం పెట్టాలి. ఆకలితో ఉన్నవాళ్ల కోసం అని ఒక్క ముక్క కలిపి ఉంటే ఎంత అందంగా ఉండేది! డిసెంబరులో రేగన్ 3 కోట్ల పౌండ్ల చీజ్‌ను పేదలకు వదిలిపెట్టాడు.

ఆ చీజ్ పంపకమే రెండేళ్లలో చట్టమైంది. 1983లో దానికి పెట్టిన పేరు టెంపరరీ ఎమర్జెన్సీ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, పొట్టిగా టెఫాప్. ఆ ఏడాది చివరలోనే రేగన్ సలహాదారు ఎడ్విన్ మీస్ ఒక పరిశోధన ఫలితం లోకానికి అందించాడు. జనం ఉచిత భోజనశాలలకు వెళ్లేది అక్కడ తిండి ఉచితం కాబట్టి, డబ్బు పెట్టి కొనడం కంటే అది సులువు కాబట్టి అని. న్యూటన్ తర్వాత ఇంతటి సూక్ష్మదృష్టి మళ్లీ ఇతనికే దక్కింది. ఏడేళ్లు గడిచాయి, ఆకలి తాత్కాలికం కాదని తేలింది. 1990లో పేరులోంచి టెంపరరీని తీసేశారు. టెఫాప్ అనే పొట్టిపేరు చెడకుండా ఆ స్థానంలో 'ది' పెట్టారు. పని చక్కగా జరిగింది, లెటర్‌హెడ్లు కూడా పెద్దగా మార్చుకోనక్కర్లేదు.

నాకర్థమైనంతలో ఈ పథకంలో అత్యవసరం ఎప్పుడూ సరుకుదే, కడుపుది కాదు. నమ్మకపోతే 2018 చూడండి. ట్రంప్ చైనాతో సుంకాల యుద్ధానికి దిగాడు, చైనా తిరిగి వడ్డించింది, అమెరికా రైతుల సరుకు పేరుకుపోయింది. ప్రభుత్వం హుటాహుటిన 120 కోట్ల డాలర్ల తిండి కొని ఫుడ్ బ్యాంకుల వంటివాటికి మళ్లించింది. అందులో సగానికి దగ్గరగా పంది మాంసానికే. జాబితాలో పిస్తా కూడా ఉంది. ఆ ఏడాది పేదవాడు పిస్తా అడిగాడా, అతని వంటింట్లో ఫ్రీజర్ ఉందా అని ఎవరూ ఆరా తీయలేదు. బీజింగ్‌లో ఎవరో సంతకం పెడితే ఒహాయోలో ఎవరి పళ్లెమో నిండుతుంది. ఈసారి ఆకలేస్తే చైనా రాయబారికి ఉత్తరం రాసుకోవడం మేలు.

ఉత్తరం అంటే గుర్తొచ్చింది. కోవిడ్ ఏడాది 2020లో రైతుల దగ్గర కొని కుటుంబాలకు పంచిన ఆహారపు పెట్టెల్లో, ఎన్నికలు దగ్గరపడుతుండగా, అధ్యక్షుడి సంతకంతో ఒక లేఖ పెట్టి తీరాలన్నారు. పన్ను కట్టింది జనం, పండించింది రైతు, మూటలు మోసింది వాలంటీర్లు, సంతకం ఆయనది. అత్త సొమ్ము అల్లుడి దానం. కొన్ని ఫుడ్ బ్యాంకులు ఆ లేఖల్ని తీసి పక్కన పడేశాయి. మనం నవ్వడానికి లేదు లెండి. 2022లో కామారెడ్డి జిల్లా బీర్కూర్ రేషన్ షాపులో ప్రధాని ఫొటో ఎందుకు లేదని కేంద్ర ఆర్థిక మంత్రి కలెక్టర్‌ను నిలదీసిన రోజు మనకూ ఉంది. బియ్యం ఎక్కడ పండినా, బొమ్మ పండించే విద్య రెండు దేశాలదీ ఒకటే.

ఇక 2025. మార్చిలో అమెరికా వ్యవసాయ శాఖ ఫుడ్ బ్యాంకులకు రావలసిన టెఫాప్ సరుకులో సుమారు 50 కోట్ల డాలర్ల విలువైనదాన్ని ఆపేసింది. స్థానిక రైతుల దగ్గర కొని ఫుడ్ బ్యాంకులకిచ్చే మరో పథకంలో 42 కోట్లు, బడులకిచ్చే పథకంలో 66 కోట్లు రద్దు చేసింది. శాఖ లక్ష్యాలకు ఇవి ఇక పనికిరావంది. ఆ పథకాలు చేసిన తప్పేమిటో మీరూ ఊహించగలరు: పక్క ఊరి చిన్న రైతు దగ్గర తాజా కూరగాయలు కొనడం. గుహ నిండేంత సరుకు లేనివాడు రైతెలా అవుతాడు?

జూలై 4న, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, ట్రంప్ సంతకంతో వచ్చిన పెద్ద చట్టం ఫుడ్ స్టాంపుల వారసుడైన స్నాప్ పథకం నుంచి పదేళ్లలో సుమారు 18,600 కోట్ల డాలర్లు కోసింది. ఇంచుమించు అయిదో వంతు. పనిచేయగల చాలామంది పెద్దలకు 64 ఏళ్ల దాకా పనిచేస్తున్నట్టు కాగితాలు చూపితేనే స్నాప్ సొమ్ము పడే కార్డు నిలుస్తుందంది. మిగతాది ఫుడ్ బ్యాంకులు చూసుకుంటాయని మళ్లీ అదే చల్లని మాట.

సరే, లెక్క చూద్దాం. ఫుడ్ బ్యాంకులు ఒక పూట భోజనం పెడితే స్నాప్ తొమ్మిది పూటలు పెడుతుందని వాటి జాతీయ సంఘం ఫీడింగ్ అమెరికా చెబుతుంది. తొమ్మిదిలో అయిదో వంతు పోతే దాదాపు రెండు పూటలు. అంటే ఇప్పుడు ఒకటి పెడుతున్న ఫుడ్ బ్యాంకు రేపటి నుంచి మూడు పెట్టాలి, అదీ తనకొచ్చే సరుకు తగ్గాక. ఎక్కాలొచ్చిన పిల్లాడికి తేలే లెక్క ఇది. కాంగ్రెస్‌లో పెద్దలకు తేలకపోవడానికి కారణం వాళ్లకు ఎక్కాలు రాకపోవడం కాదు.

ఫుడ్ బ్యాంకుల్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొట్టమొదటి ఫుడ్ బ్యాంకు పెట్టింది దుకాణాలు పారేసే మంచి తిండిని వృథా పోకుండా పేదలకు చేర్చడానికి. మంచి పనే. కానీ కార్డు చేతిలో ఉన్న తల్లి మామూలు దుకాణానికి వెళ్లి, బండి తోసుకుంటూ, తన పిల్లలు తినేది తను ఎంచుకుంటుంది. ఆమెను ఎవరూ ఫొటో తీయరు. ఫుడ్ బ్యాంకు దగ్గరైతే వరుసలో నిలబడాలి, వాళ్ల దగ్గర ఉన్నది తీసుకోవాలి. ఆ వరుస కెమెరాకు బాగుంటుంది. ఇచ్చేవాడి మొహం కనబడేదే దానం అనుకునేవాళ్లకు కార్డు ఎలా నచ్చుతుంది?

డల్లాస్, న్యూజెర్సీ వైపు మన తెలుగువాళ్లు కూడా ఈ వేడుకలో వెనకబడలేదు. శనివారం పొద్దున ఒకే రంగు టీషర్టులు, గుమ్మం ముందు బ్యానర్, టిన్ను డబ్బాల గుట్ట, సంఘం అధ్యక్షులవారు మధ్యలో. వచ్చిన ప్రతి డబ్బానూ చూసి వేరుచేయడానికి ఇంకో శనివారం, ఇంకో ఫొటో. డబ్బులిస్తే టోకు ధరకు అంతకు ఎన్నో రెట్లు కొనుక్కుంటామని ఫుడ్ బ్యాంకులవాళ్లు మొత్తుకుంటూనే ఉంటారు. చెక్కు పట్టుకుని ఎంతమంది ఫొటో దిగగలరు చెప్పండి? పాపం, అయినా వీళ్లు డబ్బాలైనా ఇస్తున్నారు.

కోత పెట్టాక ఒక చిక్కు మిగులుతుంది: ఆకలి పెరిగితే అంకెల్లో దొరికిపోతుంది. దానికీ వైద్యం చేశారు. దేశంలో ఎన్ని ఇళ్లలో తిండికి కరువుందో వ్యవసాయ శాఖ దశాబ్దాలుగా ఏటా ఒక నివేదిక ఇస్తూ వచ్చింది. 2023లో 4.7 కోట్ల మంది అలాంటి ఇళ్లలో ఉన్నారని చెప్పింది అదే. 2025 సెప్టెంబరులో ఆ నివేదికను ఇక ఆపేస్తున్నామన్నారు. అది ఖర్చుతో కూడినదట, రాజకీయమట, జనాన్ని భయపెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదట. థర్మామీటరు కిటికీలోంచి విసిరేస్తే జ్వరం ఎంతో ఎవడికి తెలుస్తుంది!

నవంబరులో అసలు నాటకం. బడ్జెట్‌కు ఆమోదం పడక ప్రభుత్వం మూతపడి ఉంది, 4.2 కోట్ల మందికి స్నాప్ సొమ్ము ఆగింది. బావి ఎండిపోయిందని శాఖ తన వెబ్‌సైట్లోనే ప్రకటించుకుంది. రాజధాని ప్రాంతంలో జీతం రాని కేంద్ర ఉద్యోగులే ఫుడ్ బ్యాంకు వరుసల్లో నిలబడ్డారు. ఆపద వస్తే వాడమని చట్టసభ పక్కన పెట్టిన సుమారు 500 కోట్ల డాలర్ల నిధి ఉండగా బావి ఎలా ఎండిందని కోర్టులు అడిగాయి. 6వ తేదీన రోడ్ ఐలండ్ న్యాయమూర్తి ఆ నెల సొమ్ము పూర్తిగా కట్టమన్నారు. అప్పుడు కదిలింది ప్రభుత్వం, ఎన్నడూ లేనంత వేగంగా. అప్పీలు కోర్టుకు పరుగెత్తింది. మర్నాడు, శుక్రవారం రాత్రి, సుప్రీంకోర్టు తలుపు తట్టింది. పేదలకు పూర్తి సొమ్ము ఇవ్వకుండా ఉండటానికి అనుమతి కోరుతూ వేసిన ఆ దరఖాస్తు 'ఎమర్జెన్సీ అప్లికేషన్'. ఆ రాత్రే తాత్కాలిక స్టే వచ్చింది.