భుజానికి స్క్రూనా, బటనా? వరంగల్ కొత్తవాడ నేతన్నలకు కొన్ని చిట్కాలు

భుజం ముందువైపు పోటు పుట్టి చెయ్యి పైకి లేవడం లేదా? మగ్గం మాత్రం ఆపకండి. 2018లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న జంపఖానాలు మనవి, భుజం ఎవరిదైతేనేం! ఎంజీఎం ఆసుపత్రి ఓపీ ఊళ్లోనే ఉంది కదా, ఎప్పుడైనా పోవచ్చు. కాబట్టి ఇప్పుడు పోకండి.

నెలలు గడిచి, మాత్రలూ ఫిజియోథెరపీ పనిచేయక, బైసెప్స్ కండను ఎముకకు కట్టే టెండన్ చెడిందని ఎమ్మారైలో తేలాక ఆపరేషన్ బేరం మొదలవుతుంది. భుజం గూటి పైఅంచున ఉండే ఆ టెండన్‌ను అక్కడ కోసి, కాస్త కిందికి తెచ్చి చేతి ఎముకకు బిగిస్తారు. ఎముకలో ఏడెనిమిది మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, టెండన్‌ను అందులోకి దించి స్క్రూతో నొక్కిపట్టొచ్చు. యాంకర్ దించి దాని దారాలతో కుట్టొచ్చు. సన్నటి రంధ్రంలోంచి లోహపు బటన్‌ను పంపి అడ్డం తిప్పొచ్చు. మీరు ధర ఒక్కటే అడగండి. ఖరీదైనదే గట్టిది. ల్యాబులో లాగి చూస్తే చాలాసార్లు స్క్రూయే గెలిచింది గానీ మనుషుల్లో పెద్ద తేడా కనబడలేదని డాక్టరు చెప్పబోతే మాట మార్చండి. పెద్ద రంధ్రం దగ్గర అరుదుగా ఎముక విరగొచ్చని అంటే విననట్టే ఉండండి. "మీ చేతికి ఏది అలవాటు సార్?" అని మాత్రం అడక్కండి, నిజం చెప్పేస్తాడు.

అరవై దాటిన మీ మామకు టెండన్ కోసి ఊరికే వదిలేద్దామంటే, అదే టెనోటమీ, అస్సలు ఒప్పుకోకండి. స్క్రూ లేనిదీ ఒక ఆపరేషనేనా! నొప్పి దాదాపు అంతే తగ్గుతుంది, కోలుకోవడమూ తొందరే. కాకపోతే కండ కిందికి జారి ఉండలా పొంగొచ్చు, కొందరికి పట్టేసినట్టూ ఉంటుంది. బనియన్‌లో మామ అందం ముఖ్యమని వాదించండి.

మీ ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక మగ్గం న్యాయం పాటించండి. తెగిన పడుగు పోగును అతికిన వెంటనే నేత సాగదా? టెండనూ అంతే. స్క్రూ అయినా బటనైనా తాత్కాలికంగా పట్టి ఉంచేవేననీ, టెండన్ ఎముకకు అతుక్కోవడానికి వారాలూ నెలలూ పడుతుందనీ ఫిజియోథెరపిస్టు చెబుతూనే ఉంటాడు. నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్ అన్నారా? నాలుగో రోజే విప్పండి. మోచెయ్యి వంచి బరువెత్తొద్దన్నారు గనక నల్లా దగ్గర బిందె ఎత్తండి. అరచేతిని పైకి తిప్పేదీ ఈ బైసెప్స్ కండే, కాబట్టి ఆపరేషన్ అయింది కుడిచెయ్యైతే పచ్చడి సీసా మూత మీరే బిగించండి. టప్పుమని కండ కిందికి జారితే కంగారు పడకండి. మామకు వద్దన్న టెనోటమీ మీకు ఉచితంగా అయిపోయినట్టే, స్క్రూ బిల్లు మాత్రం విడిగా.