హార్మనీ పెట్టె మళ్ళీ తెరిచేవారికి హితవు

అటక మీది హార్మోనియం దించాలని ఈ మధ్య మీకు అనిపించిందంటే కారణం సంగీతం కాదు, వార్తలు. యుద్ధాలు, సుంకాలు, ఓటర్ల జాబితాలు, ఫిరాయింపులు చూసి చూసి, ఏదో ఒకటైనా మన చేతిలో ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కోరికను అలాగే వదిలేస్తే ప్రమాదం. నిజంగానే వాయించడం వచ్చేస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా, టీవీ కట్టేయకండి. పెట్టెను సరిగ్గా దాని ఎదుటే పెట్టుకోండి. ఎడమ చేతికి తిత్తి, కుడి చేతికి మెట్లు, కళ్ళకు స్క్రోలింగు. ఆధార షడ్జమం ఎక్కడ పెట్టుకోవాలో తోచకపోతే యాంకరు గొంతు ఉండనే ఉంది. డిబేటు మొదట్లో ఒకటిన్నర శ్రుతిలో ఉన్న మనిషి పావుగంటలో ఐదు దాటేస్తాడు. మీరూ వెంటపడి వెళ్ళండి. ప్రకటనలు వచ్చినప్పుడు మ్యూట్ నొక్కి సరళీ వరస ఒకటి మూడు కాలాల్లో వాయించుకోవచ్చని కొందరు చెబుతారు. వాళ్ళను నమ్మకండి. కొన్నాళ్ళకు వేళ్ళు దారిలో పడతాయి, ఆపైన ప్రకటనలు అయిపోయినా మ్యూట్ తీయబుద్ధి కాదు. దేశంలో ఏం జరుగుతోందో అప్పుడు మీకెవరు చెబుతారు?

ఇక అనుమతి. పైవాళ్ళు సరేననకుండా మెట్టు మీద వేలు పెట్టకండి. ఈ పెట్టెకు జరిగినంత ఘనమైన నిషేధం మన దగ్గర మరో వాద్యానికి జరిగినట్టు లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పారిస్‌లో పుట్టిన హార్మోనియానికి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాళ్ళు తీసేసి నేలమీద కూర్చోబెట్టాడు. అది దేశమంతా పాకింది. 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి దాన్ని స్టూడియోల్లోకి రానివ్వలేదు. అప్పట్లో సంస్థకు పెద్ద లయొనెల్ ఫీల్డెన్ అనే దొర. అంతకుముందే, ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసిన జాన్ ఫౌల్డ్స్ అనే మరో దొర దీన్ని వెక్కిరిస్తూ వ్యాసమే రాశాడు. రవీంద్రనాథ్ ఠాగూరుకూ ఇది గిట్టేది కాదు. పరాయి వాద్యం మన సంగీతాన్ని పాడుచేస్తోందని మన తరఫున దొరలే తీర్పు చెప్పారన్నమాట. 1947లో దొరలు వెళ్ళిపోయారు, నిషేధం మాత్రం ఉండిపోయింది. 1971లో సడలించారు, అదీ షరతులతో.

వాళ్ళ వాదనలో పస లేదని అనలేం. భైరవిలో గాంధారం ఊగాలి. మెట్టు ఊగదు. ఒక స్థాయికి పన్నెండు మెట్లు, వాటి మధ్య సందుల్లో ఉన్న సంగీతమంతా గాలికి. కానీ ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆంధ్రదేశంలో పద్యనాటకాలు తెల్లవార్లూ దేనితో నడిచాయి? హార్మనీతోనే. నటుడు రాగం తీస్తుంటే వెంట ఉన్నది అది, జనం వన్స్‌మోర్ అని అరిచినప్పుడల్లా అదే పద్యం మళ్ళీ ఎత్తి ఇచ్చింది అది. ఆ హార్మోనిస్టులు ఢిల్లీని అడగలేదు. నిషేధం ఉన్నట్టు వాళ్ళలో ఎందరికి తెలుసో! అందుకే పెద్ద పుస్తకాల్లో వాళ్ళ పేర్లు అంతగా కనబడవు. మీరు ఆ పొరపాటు చేయకండి.

శ్రోతలూ అంతే, క్రమశిక్షణ లేనివాళ్ళు. 1952లో ప్రసారాల మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటలు జాతికి మంచివి కావన్నారు. జనం మారు మాట్లాడకుండా రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టి ఆ పాటలనే వెనక్కి పిలవాల్సి వచ్చింది. ప్రభుత్వానికి ఎంత ఇబ్బంది!

మీ విషయంలో ఢిల్లీ దాకా అక్కర్లేదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ చాలు. దరఖాస్తు పెట్టండి. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి: నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. ఇవి మీ సరళీ వరసలకు వర్తిస్తాయి. వీధి చివరి డీజేకు, అధ్యక్షులవారి టీవీకి కూడా వర్తిస్తాయా అని మాత్రం అడగకండి. ఆయనకు కోపం వస్తుంది, మీ పార్కింగు పోతుంది.

పాత పెట్టెను బాగు చేయించకండి. తిత్తికి ఎలుక కన్నం పెట్టి ఉంటుంది, రీడ్ల మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. బాగుచేసేవాడు కన్నానికి అతుకు వేసి, రీడు తుడిచి బిగిస్తే అది పలుకుతుంది. పలికితే వాయించాలి. అంతకంటే స్కేల్ చేంజర్ కొనడం గౌరవం. అందులో మెట్ల వరస మొత్తాన్ని పక్కకు జరపొచ్చు. పార్టీ మారిన నాయకుడి ఉపన్యాసంలాగా వేళ్ళు అవే, పాట అదే, శ్రుతి మాత్రం వేరు.

పాఠం దగ్గరికొస్తే, మాయామాళవగౌళతో మొదలుపెట్టకండి. అది పిల్లలకు. మీరు గెజిటెడ్ హోదాలో రిటైరైనవారు. నేరుగా 'విరిబోణి' వర్ణం ఎత్తుకోండి. అట తాళం, భైరవి, పైన చెప్పిన ఊగని గాంధారంతో సహా. మాస్టారుగా వచ్చే కుర్రాడు "సార్, తిత్తి అంత గట్టిగా కొట్టకండి, గాలి నిలవదు" అంటాడు. మీ కింద ఎంతమంది పనిచేశారో ఆ అబ్బాయికి చెప్పండి. పాఠం సగం అందులోనే గడిచిపోతుంది. మిగతా సగంలో టీవీ శబ్దం కాస్త పెంచి, ఈ ప్రభుత్వం నిలుస్తుందా లేదా అని అతని అభిప్రాయం అడగండి. పాపం, అతను తలవంచుకుని మెట్ల వైపే చూస్తుంటాడు. ఫీజు మాత్రం మొదటి తారీఖునే ఇచ్చేయండి, అందులో తేడా వద్దు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా వేళ్ళకు పాత వాసన పోదు. ఒక రాత్రి ఎవరో తలుపు తడతారు. శ్రీరామనవమి పందిట్లో హార్మనీ వాయించేవాడు రాలేదు, మీరొకసారి వస్తారా అంటారు. వెళ్ళకండి. వెళితే ఏ శ్రుతో పాడేవాడే చెబుతాడు, మీ హోదా ఎవరూ అడగరు, టీ గ్లాసు పక్కన పెట్టి వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు కొడతారు. ఆ రాత్రి ఏ ప్రభుత్వం పడిపోయిందో మర్నాడు మధ్యాహ్నానికి గాని మీకు తెలియదు.