బ్లూరే పెళ్లి వీడియోను నెట్‌కు అనువుగా పాడుచేయు విధానం

బ్లూరే డిస్కులో ఒక్కో పొరకు 25 జీబీ పడుతుంది. స్టూడియోవారు ఇచ్చిన పెళ్లి డిస్కును కంప్యూటర్లో తెరిస్తే బీడీఎంవీ అనే ఫోల్డరు, అందులో స్ట్రీమ్ అనే ఫోల్డరు, దానిలో 00000, 00001 అంటూ అంకెల పేర్లతో ఎం2టీఎస్ ఫైళ్లు కనిపిస్తాయి. ఏది ముందో ఏది వెనకో పక్కనే ఉన్న ప్లేలిస్ట్ ఫోల్డరులో నమోదై ఉంటుంది. దాని జోలికి పోకపోవడం మొదటి మెట్టు. అన్నిటికంటే పెద్ద ఫైలును పట్టుకుని మిగతావి వదిలేస్తే సగం పని తీరినట్టే. మంగళసూత్రధారణ ఏ చిన్న ఫైలులోనో ఉండిపోతే అది దాని ఖర్మ.

రెండోది పేరు మార్పు. ఫైలు పేరు చివర ఎం2టీఎస్ చెరిపి ఎంపీ4 అని రాస్తే సరి. లోపలి అమరిక వెంట్రుకవాసి కూడా మారదు కనుక బ్రౌజరు దాన్ని తెరవదు. వీఎల్‌సీ మాత్రం పేరుతో నిమిత్తం లేకుండా ఆడించేస్తుంది కాబట్టి, చేసినవారికి పని అయిపోయిందన్న తృప్తి దక్కుతుంది. డల్లాస్‌లో మేనమామగారికి తెరుచుకోకపోతే తప్పు ఆయన కంప్యూటరుదే.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఇలాంటి డిస్కుల్లో బొమ్మ చాలావరకు హెచ్.264లోనే ఉంటుంది. 2003లో వచ్చిన ఆ ప్రమాణం పేరున్న బ్రౌజర్లన్నిటికీ తెలుసు. అడ్డుపడేవి ఎం2టీఎస్ కూర్పు, చాలా బ్రౌజర్లు పలికించలేని ఏసీ-3 శబ్దం, అంతే. బొమ్మను ఉన్నదున్నట్టు ఉంచి శబ్దాన్ని మాత్రం ఏఏసీలోకి మార్చమని ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాముకు ఒక్క వరుస ఆదేశమిస్తే, బొమ్మ నాణ్యత ఇసుమంతైనా తగ్గకుండా ఎంపీ4 చేతికొస్తుంది. రాత్రంతా కంప్యూటరు ఫ్యాను మోగకుండా పూర్తయ్యే పనిని ఇంట్లో ఎవరూ పనిగా గుర్తించరు కనుక ఈ దారి తొక్కరాదు.

పైగా ఆ దారి తప్పించుకోవడానికి దీటైన సాకూ ఉంది. సెకనుకు 24 మెగాబిట్ల వీడియో గంటకు సుమారు 10.8 జీబీ అవుతుంది. నెట్‌లో అంత బరువు లాగడం కష్టమే. అందుకని బొమ్మను మళ్లీ కుదించాలి. హ్యాండ్‌బ్రేక్ అనే కుదింపు ప్రోగ్రాములో నాణ్యత మీట ఎక్స్264 ఎన్‌కోడరుకు 0 నుంచి 51 దాకా తిరుగుతుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరగడం దాని పెడసరం. లోకజ్ఞానం ఉన్నవారు పెద్ద అంకెనే నమ్మి 45 దగ్గర ఆపుతారు. పెళ్లికూతురి పట్టుచీర జరీ అంచు పసుపు గళ్లుగా మారుతుంది. ఆశపోతులు 0 పెడతారు. డిస్కులోని ఫైలుకంటే పెద్ద ఫైలు పుడుతుంది. 20కి అటూ ఇటూగా ఉంచేవారికి చెప్పుకోవడానికి ఏ కథా మిగలదు.

వీడియో 1080ఐ అయితే ఇంకా మేలు. సెకనుకు 50 అర్ధ చిత్రాలు, ఒకదాంట్లో సరి గీతలు, మరోదాంట్లో బేసి గీతలు. డీఇంటర్‌లేస్ గడిలో టిక్కు పెట్టకుండా వదిలేస్తే నిశ్చలంగా కూర్చున్న పురోహితుడు బాగానే కనిపిస్తాడు. తలంబ్రాలు పోసే చేతులకు మాత్రం దువ్వెన పళ్లు మొలుస్తాయి. ఎగిరే బియ్యపుగింజలు ఎలాగూ కుదింపుకు లొంగవు. ఆ నిమిషంలో తెరంతా మసకబారితే అక్షింతల మహిమగా సరిపెట్టుకోవచ్చు.

కొన్ని ఉచిత కన్వర్టర్లు వాడితే వధూవరుల ముఖాల మీద వాటి ముద్ర కూడా పడుతుంది. దాన్ని దాచడానికి ఇంకో కన్వర్టరులో వేసి మరోసారి కుదించాలి.

ఫైలు సూచికను ముందుకు తెచ్చే ఫాస్ట్‌స్టార్ట్‌ను చివర్లో మరిచిపోవాలి. సూచిక తోకలోనే ఉంటే కొన్నిచోట్ల ఫైలు మొత్తం దిగేదాకా బొమ్మ కదలదు; చుట్టాలకు ఓపిక అలవడుతుంది.

ఇవన్నీ ముగిశాక డిస్కును పారేసి, మూల ఫైళ్లు చెరిపేసి, హార్డ్‌డిస్కులో చోటు మిగుల్చుకోవాలి. ఎవరైనా స్పష్టమైన ప్రతి కావాలంటే, ఉన్న మసక బొమ్మనే నాలుగింతల పిక్సెళ్లకు సాగదీసి 4కె అని పేరుపెట్టి పంపవచ్చు.