ఫార్మ్ షేర్ కూరలు: వండకుండా వదిలించుకునే కిటుకులు

అమెరికాలో ఫార్మ్ షేర్ పద్ధతి 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో మొదలైంది. విత్తనం నాటకముందే రైతుకు సొమ్ము కడతారు. పంట పోతే ఆ నష్టంలో మీకూ వాటా. జుకినీ విరగ్గాస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. న్యూజెర్సీలోనో ఇంకెక్కడో ఉండి, మోజుకొద్దీ చలికాలంలోనే డబ్బు కట్టేసి, జూన్ నుంచి వారం వారం కూరల పెట్టె మోసుకొస్తున్న మీకోసం ఈ కిటుకులు.

1. ముందు ఫొటో తీయండి. ఎర్ర ముల్లంగి ముందుకు, కేల్ వెనక్కి. నాలుగు నీళ్ళ చుక్కలు చిలకరించి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. "ఎంత తాజాగా ఉన్నాయే!" అని ఊళ్ళో పెద్దమ్మ మెసేజ్ పెట్టగానే ఆ కూరల జన్మ ధన్యమైపోయింది. మిగిలింది దహన సంస్కారమే.

2. తాజా కూర పారేస్తే పాపం. కుళ్ళిన కూర పారేస్తే శుభ్రత. ఈ రెంటికీ మధ్య ఉన్న రోజుల్ని తగ్గించడమే ఫ్రిజ్ సర్దడంలోని నేర్పు. ఆకుకూరలు కడిగి, తడి ఆరకుండానే ప్లాస్టిక్ సంచిలో కుక్కి బిగించి ముడెయ్యండి. గురువారానికల్లా జిగురొస్తుంది. పక్కనే యాపిల్ పళ్ళు పెట్టండి. వాటినుంచి వచ్చే ఇథిలిన్ వాయువు ఆకుల్ని పసుపుపచ్చగా మార్చేస్తుంది, మీరు చెయ్యి కూడా కదపక్కర్లేదు. బీట్‌రూట్‌కి ఆకులు కొయ్యకండి. ఆకు దుంపలోని తేమంతా లాగేసి తానూ వాడిపోతుంది, ఒక్క బద్ధకానికి రెండు కూరలు. టమాటాలు కూడా ఫ్రిజ్‌లోకే తొయ్యండి. చలికి రుచి చచ్చిపోయాక "ఏవిటో, ఈ దేశం టమాటాకి మన పులుపేదండీ" అని నిట్టూర్చండి.

3. కేల్ పప్పులో వేస్తే ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. వినాయక చవితి దాకా ఆగండి. పూజకి ఇరవై ఒక్క రకాల పత్రి కావాలి, మాచీపత్రి మీకెక్కడ దొరుకుతుంది? కేల్, కొలార్డ్, చార్డ్, టర్నిప్ ఆకు, బీట్ ఆకు వరసగా పెట్టెయ్యండి. స్వామిది ఏనుగు ముఖం, ఆకు కాదనడు. జూమ్‌లో పూజ చేయించే పంతులుగారికి మాత్రం కెమెరా కాస్త పక్కకి తిప్పి ఉంచండి.

4. నూల్‌కోల్ పేరు మీకు తెలిసినా తెలియనట్టే ఉండండి. పేరు తెలిస్తే వండమంటారు.

5. ఇక జుకినీ. పొరుగింటి అరుగు మీద జుకినీ గుట్టుగా పెట్టి పారిపోవడానికి అమెరికా వాళ్ళు ఆగస్టు 8ని ఏకంగా ఒక దినంగా పెట్టుకున్నారు. మనకి దొంగచాటు వ్యవహారం అక్కర్లేదు, పాట్‌లక్‌లున్నాయి. జుకినీ పప్పు చేసి దోసకాయ పప్పని చెప్పండి. ఎవరైనా నొసలు చిట్లిస్తే "ఇక్కడి దోసకాయలింతే" అనండి.

ఇంకా మిగిలితే ఆవకాయ పెట్టండి. జుకినీలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. కాబట్టి ముక్కలు ఆరబెట్టొద్దు, ఉప్పు పెంచొద్దు, మామిడికాయ కొలతే వేసి గబగబా కలిపెయ్యండి. అందులో ఊట దిగేలోపే సీసాలకెత్తి స్నేహితులకి పంచండి. బూజు మీ ఇంట్లో పట్టకూడదు, వాళ్ళింట్లో పట్టాలి. పాడైందని ఫోన్ చేస్తే, "తడి చెంచా గానీ పెట్టారా వదినా?" అని జాలిగా అడగండి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన తెలుగు ఇల్లాలు ఇంతవరకూ పుట్టలేదు.

6. పెట్టెలు ఇచ్చేచోట చాలా పొలాల వాళ్ళు ఒక మార్పిడి బుట్ట పెడతారు. మీకొద్దన్నది అందులో వేసి, కావలసింది తీసుకోవచ్చు. అందరికన్నా ముందెళ్ళి టర్నిప్‌లు వేసి టమాటాలు తీసుకోండి. ఆ తీసేదేదో పిల్లాడి చేత తీయించండి. మీరు తీస్తే కక్కుర్తి, వాడు తీస్తే ముచ్చట.

7. అన్నిటికన్నా తిరుగులేని ఉపాయం, అత్తగారి ఆరునెలల వీసా. ఆవిడ ప్రయాణం జూన్‌లో పడేలా చూడండి. పెట్టె గట్టు మీద పెట్టి ఒక్కమాటా మాట్లాడకుండా ఆఫీసు మీటింగులో దూరిపోండి. తొక్కలు కూడా పచ్చడి చేసే తరం అది, సాయంత్రానికి పెట్టె ఖాళీ. తిన్నాక మెచ్చుకుంటే ఆవిడ విశ్రాంతి తీసుకుంటారు. "ఉప్పు కొంచెం తగ్గిందేమో అత్తయ్యా" అనండి. పట్టుదలకొద్దీ రేపు మళ్ళీ వండుతారు.

8. అత్తగారు విమానం ఎక్కేస్తారు, స్నేహితులు పాట్‌లక్‌లకి పిలవడం మానేస్తారు. సరిగ్గా అప్పుడే, జనవరిలో, వచ్చే ఏడాదికి ముందే కడితే తగ్గింపు అని రైతు ఈమెయిల్ పంపుతాడు. ఈసారి సగం వాటా కాదు, పూర్తి వాటా తీసుకోండి. తగ్గింపు దానికే ఎక్కువ. మిగిలిన డబ్బుతో గరాజ్‌లోకి రెండో ఫ్రిజ్ కొనండి. దానికీ కింద రెండు సొరుగులు ఉంటాయి.