డిస్కు రాస్తున్నాను, కదిలించకండి

ఆదివారం పొద్దున మగవాడు ఊరికే కూర్చుంటే ఇంట్లో ఎవరికీ చూడబుద్ధి కాదు. బూజుకర్ర చేతికొస్తుంది, లేదా కొత్తిమీర కట్ట గుర్తొస్తుంది. అదే "బ్లూ-రే డిస్కు రాస్తున్నాను" అని చూడండి. పనికి పని, కుర్చీకి కుర్చీ. 100 జీబీల డిస్కు నాలుగు రెట్ల వేగంతో రాసినా గంటన్నర పడుతుంది. రాసింది సరిగ్గా పడిందో లేదో చూడమని వెరిఫై మీద టిక్కు పెడితే మళ్ళీ దాదాపు అంతసేపు. ఆ టిక్కు పెట్టనివాణ్ణి నేను గృహస్థుల్లో జమకట్టను.

రాయడానికి సరుకు కావాలి కదా. దానికి మా బావమరిది పెళ్ళి ఉంది. జీలకర్ర-బెల్లానికి ఒక కెమెరా, తలంబ్రాలకు ఇంకో కెమెరా, భోజనాల పంక్తి మీద డ్రోను. ఆ డ్రోను గాలికి విస్తళ్ళు లేచిపోతుంటే మా మామగారు సాంబారు బకెట్టు అడ్డం పెట్టి తన విస్తరిని కాపాడుకున్న ఘట్టం ఫోర్‌కేలో ఉంది. ఇంతటి చరిత్రను ఏనాడు టక్‌టక్‌మంటుందో తెలియని హార్డ్‌డిస్కుకు వదిలేస్తామా?

ముందు 25 జీబీల డిస్కులు తెచ్చాను. లోపల పెడితే కంప్యూటరు 23.3 అంది. డిస్కు చేసేవాళ్ళు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, సరుకు మాత్రం అదేనని మా ఆవిడకు ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "అంటే తరుగన్నమాట" అంది. నగల కొట్ల అనుభవం మరి.

ఆ తరుగు పడలేక 100 జీబీల వాటికి మారాను. వాటిలో రాతపొరలు మూడు. సీడీ లేజరు 780 నానోమీటర్లు, డీవీడీది 650, దీనిది 405. తరంగం పొట్టిదైనకొద్దీ చుక్క సన్నబడుతుంది, వరసలు దగ్గరపడతాయి. సీడీలో వరసకూ వరసకూ మధ్య 1.6 మైక్రాన్లుంటే ఇందులో 0.32. అడుగున ఉన్న పొర కూడా పైనుంచి మిల్లీమీటరులో పదోవంతు లోతే. పైన గట్టి పూత వేస్తారు, నిజమే. కానీ పూతరేకులు తిన్న చేతులు మా ఇంట్లో చాలా ఉన్నాయి. అందుకే అంచులు తప్ప ఎవరినీ ముట్టుకోనివ్వను.

అన్నిటికంటే గండం యూఎస్‌బీ తీగ. మధ్యలో ఊడిందా, చెరిపి మళ్ళీ రాసే రకం కాదిది, డిస్కు చెత్తబుట్టకే. పనమ్మాయి చీపురు తీగకు జానెడు దూరంలోకి రాగానే "ఆఁ ఆఁ" అంటాను. ఇప్పుడామె ఆ గది ఊడవడం మానేసింది. ఆ దుమ్మంతా నా ఖాతాలోనే పడింది.

రాయడం అయ్యాక మాత్రం ఒక సుఖం ఉంది. చిల్లులో వేలు దూర్చి ట్యూబులైటు కింద వాల్చితే, సగం నిండిన డిస్కులో లోపలి వలయం ఒక ఛాయ, బయటిది ఇంకో ఛాయ. ఎంతవరకు రాశామో కంటితోనే కనిపిస్తుంది. "క్లౌడ్‌లో పడేయొచ్చుగా బావా" అంటాడు బావమరిది. క్లౌడ్‌ను ట్యూబులైటు కింద వాల్చి చూడగలమా?

పైగా ఆయుష్షు. ఎం-డిస్కు అనే రకానికి దాన్ని చేసినవాళ్ళు వెయ్యేళ్ళని చెప్పుకున్నారు. పెళ్ళిబంధం ఏడు జన్మలే కనుక ఇంకా మిగులుతుంది. చిక్కల్లా డ్రైవుతోనే, దానికి వెయ్యేళ్ళిస్తామన్నవాడు లేడు. 2025 ఫిబ్రవరిలో సోనీ రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీనే ఆపేసింది. ఆ వార్త చదివి నేను ఓ డబ్బా డిస్కులు కొని బీరువాలో పట్టుచీరల పక్కన దాచాను. నాఫ్తలీన్ ఉండలు తీసేయమన్నానని ఆవిడ రెండు పూటలు మాట్లాడలేదు.

మొన్న సంక్రాంతికి వచ్చిన బావమరిదికి అతని పెళ్ళిని కొత్త బట్టలతోపాటు పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, అందులో మొహం చూసుకుని, జుట్టు సర్దుకున్నాడు.

"బావుంది బావా. కానీ మా ఇంట్లో డ్రైవు లేదు, కాస్త పెన్‌డ్రైవ్‌లో వేసిస్తావా?"