మడత సైకిలుకు ఒళ్లు అలవని భద్రత

మడత సైకిలు కొన్నారా? శుభం! ఒంటికి చెమట పట్టకుండా దాన్ని కాపాడుకునే మార్గాలివిగో.

1. లోపలికి మోయకండి. మడిచి ఆఫీసు బల్ల కిందికి తోసేయడానికే ఈ సైకిలు పుట్టిందని చాదస్తులు అంటారు. పన్నెండు కిలోలు మెట్లెక్కించేది వాళ్లు కాదుగా! సెల్లార్లో వదిలేయండి.

2. మడిచే వదలండి. పెద్ద సంచిలో పట్టేస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు కూడా ఎవరి కంటా పడదు.

3. తాళానికి నూటయాభై దాటి ఖర్చు పెట్టకండి. యూ ఆకారపు ఉక్కు తాళం మహా బరువు. సన్నని తీగ తాళం తీసుకోండి, రంగు మాత్రం సైకిలుకు మ్యాచవ్వాలి. అంకెల తాళమైతే మరీ మేలు. పొద్దున వేసేటప్పుడు చివరి చక్రం ఒక్కటే ఒక్క అంకె జరపండి. సాయంత్రం చిటికెలో వస్తుంది. ఆ కిటుకు మీకు తప్ప ఇంకెవరికీ తట్టదు. ఎవరైనా మందలిస్తే 2004 సంగతి ఎత్తండి: అమెరికాలో క్రిప్టొనైట్ వారి పేరుమోసిన తాళాలే బాల్‌పెన్ గొట్టానికి తెరుచుకున్నాయి. ఇక ఖరీదైనది కొనడం దేనికి? (ఆ తర్వాత వాళ్లు వాటిని మార్చిచ్చారు. ఆ ముక్క మింగేయండి.)

4. తాళం సీటు గొట్టానికి వేయండి. ఫ్రేముకు వేయాలంటే వంగాలి. లివరు తిప్పితే గొట్టం ఊడొస్తుందని భయపడకండి. సైకిలు పోయినా సీటు మీదే. కట్టడానికి పొట్టి నో పార్కింగ్ బోర్డు చూసుకోండి, తాళాన్ని పైనుంచి ఎత్తేయడానికి వీలుగా ఉంటుంది.

5. ఫ్రేము నంబరు రాసుకోకండి. సాధారణంగా పెడళ్ల ఇరుసు కింద చెక్కి ఉంటుంది, సైకిలు తిరగేస్తేగాని కనిపించదు. అంత కష్టమెందుకు? పోలీసు స్టేషన్‌లో "నల్లగా ఉంటుంది సార్, చిన్న చక్రాలు" అంటే చాలు. బిల్లు వెనకాల కిరాణా లిస్టు రాసుకోండి.

6. సాకు ముందే సిద్ధం చేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వాచ్‌మన్‌తో "అన్నా, సైకిలు మీద ఓ కన్నేసి ఉంచు" అని నడుస్తూనే చెప్పేయండి, ఏ సైకిలో చూపకండి. పోయినరోజు ఆ మాటే అస్త్రం. ఇంట్లో మొదటి వారం "ఫ్రెండు తీసుకెళ్లాడు", రెండో వారం "సర్వీసింగ్‌లో ఉంది". మూడో వారానికి ఆ ఊసెత్తేవారే ఉండరు.

ఈసారి ఒకేసారి రెండు కొనండి. షాపువాడు డిస్కౌంటు ఇస్తాడు.