అటకెక్కిన బేబీ

పేరు బేబీ, వయసు మాత్రం ముసలి. వెయ్యి వాట్ల బల్బు, ముందు ఆరంగుళాల గాజు కటకం, చుట్టూ నాలుగు రేకు తలుపులు: ఇదీ నా స్వరూపం. సినిమావాళ్ల దగ్గర నాకన్నా భారీ లైట్లు ఉంటాయి కనుక వెయ్యి వాట్లదానికి ఆ ముద్దుపేరు పెట్టారు. రేకు వంచి, రివెట్లు కొట్టి, నల్లరంగు పూశారు. నా పుట్టుక గురించి అంతకుమించి చెప్పేదేం లేదు. చెప్పాల్సింది కటకం గురించే. మెట్లు మెట్లుగా గుండ్రటి గాజు వలయాలుంటాయి. ఫ్రాన్సుకు చెందిన ఫ్రెనెల్ 1820ల్లో దీపస్తంభాల కోసం కనిపెట్టిన పద్ధతి అది. అందుకే రాత్రిపూట డాల్ఫిన్ నోస్ కొండమీద దీపం కనబడితే విశాఖలో నాకూ ఒక మేనత్త ఉందనుకునేదాన్ని.

నా మంచిరోజులు నలుపు తెలుపు ఫొటోల కాలంలో గడిచాయి. ఊళ్లోని ఒక స్టూడియోలో పెళ్లిచూపుల ఫొటోకి ఎవరు కూర్చున్నా నన్ను వెలిగించాల్సిందే. ముక్కు నీడ పైపెదవిని తాకకూడదు, చెంప కింద నీడ పడాలి కానీ కంటిగుంట చీకటైపోకూడదు. మా స్టూడియో ఆయన నన్ను రెండంగుళాలు అటూ ఇటూ జరిపి, కిందికి వంచి, ఆ నీడ కుదిరేదాకా మీట నొక్కేవాడు కాదు. వెలుగు ఎక్కడ పడిందన్నది ఎవరైనా చూస్తారు. నీడ ఎక్కడ పడిందో చూసేవాడు ఆయనొక్కడే.

తర్వాత గొడుగులొచ్చాయి. ఫ్లాష్‌కి తెల్లగొడుగు తగిలిస్తే వెలుగు మెత్తబడి, మొహంమీది మొటిమలూ ముడతలూ మాయమయ్యేవి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ రోజుల్లో కొత్త ఉద్యోగులు సకుటుంబంగా స్టూడియోకొచ్చి, ఫొటో దిగి, సొంతూళ్లకు పంపుకునేవారు. ఆ ఫొటోలన్నీ గొడుగులే తీశాయి. నన్ను పెళ్లి వీడియోలకు తోలేశారు. భోజనాల పంక్తిలో జనం మొహాలమీద నన్ను సూటిగా కొడితే, వాళ్లు ముద్ద నోట్లో పెట్టుకుంటూనే కళ్లు చిట్లించి నన్ను తిట్టుకునేవారు. నన్ను పట్టుకున్న కుర్రాడిని ఒక్కరూ ఏమీ అనలేదు. అతగాడు హాలోజన్ బల్బును చెమట చేత్తో మార్చేవాడు. వేలి జిడ్డు అంటినచోట గాజు వేడికి పాడవుతుందని, బల్బును గుడ్డతో పట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు కాబోలు. నా బల్బులన్నీ అలా అల్పాయుష్కులైపోయాయి.

ఆఖరికి అటకెక్కించారు. అక్కడ నా పక్కన కాలు విరిగిన ట్రైపాడ్, మడతలు పడిన తాజ్‌మహల్ తెర, అడుగున నెగటివ్‌ల పెట్టెలు. సముద్రపు ఉప్పుగాలికి నా రివెట్లు తుప్పు పట్టాయి. గాలిలో తేలే నల్లదుమ్ము కటకం మెట్లమీద పొరలు పొరలుగా పేరుకుంది. ఎలుకలు వైరు కొరికాయి. దీపావళికి ఇల్లు దులిపిన ప్రతిసారీ ఇంటావిడ “పాత సామాను వాడికి ఇచ్చేద్దాం” అనేది. వాడొకసారి వచ్చి తూకం వేశాడు కూడా. ఇనుము ఇన్ని కిలోలు అన్నాడు, కటకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. బేరం కుదరలేదు గనుక బతికిపోయాను.

ఈలోగా స్టూడియో ఆయన కొడుకు అందొచ్చి హోటళ్ల మెనూలకూ, తిండి ఇంటికి తెచ్చే యాప్‌లకూ ఫొటోలు తీస్తున్నాడు. పెద్ద సాఫ్ట్‌బాక్స్, తెల్లబల్ల, చుట్టూ థర్మాకోల్ షీట్లు. పెసరట్టయినా పరోటా అయినా ఒకే వెలుగు. ఒక హోటలాయన ఫొటో చూసి “మా అట్టు కరకరలాడతాది బాబూ, ఇందులో మెత్తగా ఉందేటి?” అన్నాడట.

కుర్రాడు పట్టుదలకొద్దీ మే నెల మిట్టమధ్యాహ్నం డాబామీద ఎండలో ప్లేటు పెట్టాడు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉంది. మే రెండోవారంలోనూ ఆగస్టు మొదట్లోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. గ్లాసు నీడ గ్లాసు కిందే దాక్కుంటుంది. ఇక ఫొటోకి నీడ ఎక్కణ్నుంచి తెస్తాడు?

“నాన్నా, అటకమీది లైటు ఇంకా పనిచేస్తాదేటి?”

“చెయ్యకేం? వైరు మార్చు. ముందు అద్దం తుడు.”

తుడవకుండానే వెలిగించాడు. నీడ అంచులు అలుక్కుపోయాయి. దుమ్ము కాంతిని చెదరగొట్టి నన్నూ సాఫ్ట్‌బాక్స్ చేసిపెట్టింది! తడిగుడ్డతో మెట్టు మెట్టూ తుడిచాక నా నీడ నాకు దక్కింది.

నన్ను కటువైనదాన్నంటారు. బలం ఎక్కువని కాదు, చిన్నగా కనబడతాను కనుక నా నీడ పదును. సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు గనుక, చెయ్యి చాపి బొటనవేలు అడ్డం పెడితే దాగిపోతాడు. అందుకే ఎండ నీడకు అంత పదును. మబ్బు పడితే ఆకాశమంతా దీపమై నీడ కరిగిపోతుంది. నన్ను ప్లేటుకు దూరంగా జరిపితే నీడ పదునెక్కుతుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. బల్బును కటకానికి దగ్గరగా జరిపి వెలుగును విశాలంగా పరిస్తే అంచు ఇంకా తేటగా వస్తుంది. చాలామంది దీన్ని తారుమారుగా అనుకుంటారు.

మొదటి పని గోలీసోడా. నన్ను సీసా వెనక ఎడమవైపు, కాస్త ఎత్తున నిలబెట్టాడు. గ్లిజరిన్, నీళ్లు సగం సగం కలిపి సీసామీద చిలకరించాడు; ఆ బొట్లు జారవు, ఆరవు. నీడ కెమెరావైపు పొడుగ్గా సాగింది. తీరా చూస్తే అది ఉత్త నల్లనీడ కాదు: మందపాటి గాజు కాంతిని విరిచి నీడ నడుమ ఆకుపచ్చ గీతలు గీసింది, మెడదగ్గర గోలీ వెలుగుచుక్కై కూర్చుంది. మెత్తటి వెలుగు ఎంత పోసినా ఆ గీతలు పుట్టవు.

తర్వాత పెసరట్టు. నన్ను పక్కనుంచి బల్ల ఎత్తుకు దించాడు. అట్టు అంచుమీది ప్రతి చిల్లూ, ప్రతి అల్లంముక్కా తన నీడ తాను వేసుకున్నాయి. కరకర కంటికి కనబడింది. ఎదురుగా నల్ల అట్ట పెట్టి నీడను చిక్కబరిచాడు, థర్మాకోల్ పెట్టి పల్చబరిచాడు. మాడుగుల హల్వాకు ముందునుంచి కొడితే నెయ్యి మెరుపు తెల్లమచ్చై కూర్చుంది. వెనక్కి తిప్పితే ముక్కలోంచి వెలుగు దూరి తేనెరంగు తేలింది.

అన్నింటికీ పనికొస్తానని కోయను. పెరుగన్నంమీద నన్ను సూటిగా కొడితే మెతుకు గుర్తులేకుండా తెల్లబోతుంది. వాడిన కొత్తిమీరనూ, ప్లేటు అంచుమీది వేలిముద్రనూ దాచడం నాకు చేతకాదు. పైగా నేను తినే కరెంటులో తొంభైపాళ్లకు పైగా వేడిగానే పోతుంది. అందుకే నీడ సర్దుకునేదాకా ఒక ఉత్తుత్తి ప్లేటు పెట్టి, అసలుది చివరి నిమిషంలో తెస్తాడు. ఐస్‌క్రీం అయితే నా ఛాయలకు రానివ్వడు.

వేడి తక్కువని వాడు ఎల్‌ఈడీ కొనాలని చూస్తున్నాడు. కొననీ. మళ్లీ తూకానికి పెట్టే రోజు వస్తే ఒక్కమాట వినండి: ఇనుము కిలోల్లెక్కన ఇచ్చేయండి, కటకం మాత్రం విప్పి దాచుకోండి. కొత్త లైటుకి సరిపడా చట్రం చేయించి బిగిస్తే మీ అట్టుకి నీడ దక్కుతుంది. అద్దం తుడవడం మాత్రం మరిచిపోకండి.